ముట్టుకున్న గుర్రం

చదరంగం ఆడేవాళ్ళు మహా తెలివైనవాళ్ళని మొదట అన్నవాడెవడో గాని, వాడు చదరంగం ఆడేవాడితో కాపురం చేసి మాత్రం ఉండడు. నేను చేశాను. ఇంకా చేస్తున్నాను. కాబట్టి ఆ వేసవి సంగతి చెప్పడానికి నాకంటే అర్హత ఉన్నవాళ్ళు ఒక్కరే ఉన్నారు, ఆవిడ మేడ మీద ఉంటుంది.

మా ఆయన కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే పని చేస్తాడు. సాయంత్రాలు, ఆదివారాలు చదరంగం. మనిషి మంచివాడే. తాగడు, తిరగడు, ఒకరి జోలికి పోడు. కాని "టీ పెట్టనా?" అని అడిగితే జవాబు వచ్చేలోపు నేను టీ పెట్టి, తాగి, గ్లాసు కడిగి బోర్లించేయొచ్చు. ఇప్పుడు టీ తాగితే ఆకలి చస్తుంది, ఆకలి చస్తే భోజనం ఆలస్యం, భోజనం ఆలస్యమైతే నిద్ర ఆలస్యం, అలా ఎక్కడిదాకానో వెళ్ళి వస్తే గాని ఆయన నోట "ఊఁ" అన్న మాట రాదు. పోట్లాట అయితే మరీ అన్యాయం. నేను అరుస్తున్నంతసేపూ బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంటాడు. అంతా సద్దుమణిగి, నేను కళ్ళు తుడుచుకుని పనిలో పడ్డాక వెనకాలే వచ్చి, "ఇందాక మా అమ్మ ఊసెత్తావు చూడు, అక్కడ పొరపాటు చేశావు. అప్పటిదాకా నీదే పైచేయి," అంటాడు. అప్పుడు నా చేతిలో కత్తెర ఉందన్న సంగతి కూడా గమనించుకోడు.

ఇలాంటివాడు ఇంటికొకడు ఉంటేనే ఎక్కువ. మా ఇంటికి ఇద్దరు. కింద మేము, మేడ మీద మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, ఆయన భార్య. బావగారు కరెంటాఫీసులో పాత ఫైళ్ళు చూసే విభాగంలో పనిచేసేవారు. కంచం పెడితే దాన్ని గచ్చు మీద రాతిపలకకి సరిగ్గా నడిమధ్యకి జరిపి గాని అన్నంలో చెయ్యి పెట్టరు. మంచినీళ్ళ గ్లాసుదీ అదే గతి. ఎవరైనా ఆ గ్లాసు తీసి తాగి మళ్ళీ అంచున పెట్టారో, ఇక ఆయన మాట ముందుకు సాగదు. ఆ గ్లాసు వంకే చూస్తూ ఉంటారు.

వీధివైపు గది మాత్రం వాళ్ళిద్దరిదీ కాదు. అది నాదీ అక్కదీ, మా కుట్టు దుకాణం. అక్క అంటే నా తోటికోడలు. రెండు కుట్టుమిషన్లు, గోడ పొడుగూ కత్తిరింపు బల్ల. ఊళ్ళో రెండు బళ్ళకి యూనిఫారాలు మేమే కుట్టేవాళ్ళం. బళ్ళు మూసిన రోజు మొదలుపెడితే తెరిచే రోజుదాకా ఊపిరి సలపదు. కత్తిరించడం, కాలర్లు ఎక్కించడం అక్క వంతు. పక్క కుట్లు, మడతలు, కాజాలు, గుండీలు నా వంతు. చూసేవాళ్ళకి ఇది సగం సగం పనిలా ఉంటుంది గాని కాదు. కాజాలు ఎవరైనా కుడతారు. తాను గుడ్డ పరిచి, సుద్ద పట్టుకుని, టేపు కూడా చూడకుండా ముప్ఫై చొక్కాలు ఒకే పోగు మీద గీసెయ్యడం అక్కకే చెల్లు. నేను కత్తిరిస్తే రెండు భుజాలు రెండు ఊళ్ళకి పోతాయి.

ఆ వేసవి, పని నడుమున, అక్క సుద్దతో గీత గీస్తూ అంది.

"ఆయన బదిలీ అడిగారటే. ఇచ్చేశారట. నెల తిరిగేలోపు వెళ్ళిపోవాలి."

నేను మిషను తొక్కడం ఆపేశాను. "ఎక్కడికి?"

"పక్క జిల్లాకి. బస్సెక్కితే మధ్యాహ్నానికి చేరతాం. ఇల్లు కూడా చూశారట."

"ఎవరినడిగి చూశారు?"

అక్క గీత పూర్తి చేసి, గుడ్డ మీది సుద్దపొడి ఊదింది.

బదిలీ ఎందుకో నాకు చెప్పక్కర్లేదు. ఆరేళ్ళుగా ఆ అన్నదమ్ములిద్దరికీ మాటల్లేవు. ఆస్తి తగాదా అయితే నలుగురిలో చెప్పుకోవడానికైనా ఉండేది. వీళ్ళది గుర్రం తగాదా. చదరంగంలో ఒక రూలుంది. పావుని ముట్టుకుంటే ఇక దాన్నే ఆడాలి. గడిలో పక్కకి జరిగిన పావుని సరిచెయ్యాలంటే ముందు "సర్దుతున్నా" అని పైకి చెప్పి ముట్టుకోవాలి. ఆరేళ్ళ కిందట క్లబ్బు పోటీలో చివరి ఆట వీళ్ళిద్దరికీ పడింది. మా ఆయన గెలిచే ఆట. మధ్యలో చెయ్యి చాచి గుర్రాన్ని సర్దాడు. బావగారు, "ముట్టుకున్నావు, ఆడు," అన్నారు. మా ఆయన, "సర్దుతున్నానని చెప్పాను," అన్నాడు. "నాకు వినపడలేదు," అన్నారు బావగారు. తగవు తీర్చాల్సిన పెద్దాయన అప్పుడే మంచినీళ్ళకి వెళ్ళాడు. మా ఆయన గుర్రం ఆడి, ఓడి, చెయ్యైనా కలపకుండా లేచి ఇంటికొచ్చేశాడు. అంతే. ఆనాటినుంచి, "నీళ్ళ మోటారు ఆపమని మీ ఆయనకి చెప్పు," "ఆపానని మీ బావగారికి చెప్పు," అంటూ మెట్లెక్కి దిగింది నేనూ అక్కానూ. ఒక ఇంట్లో పుట్టి, ఒక కంచంలో తిన్నవాళ్ళు కొయ్యగుర్రం కోసం ఇల్లు విరగ్గొట్టుకుంటున్నారంటే నాకు నవ్వు రావాలో ఏడుపు రావాలో తెలిసేది కాదు.

"నువ్వు బెంగపడకక్కా. నేను చూసుకుంటాను," అన్నాను.

"ఊఁ," అంది అక్క.

ఆ సాయంత్రం మా ఆయన చెప్పులు విప్పకముందే పట్టుకున్నాను.

"పైకెళ్ళి మీ అన్నయ్యతో మాట్లాడండి. వెళ్ళొద్దని చెప్పండి."

ఆయన కుర్చీలో కూర్చుని గెడ్డం కింద చెయ్యి పెట్టుకున్నాడు. నేను బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టొచ్చాను.

"నేను పైకెళ్తే," అన్నాడు చివరికి, "ఎందుకొచ్చావంటాడు. వెళ్ళొద్దన్నయ్యా అంటాను. అది చెప్పడానికి ఇన్నేళ్ళు పట్టిందా అంటాడు. నేనేమన్నా ఆ రోజు సంగతి తప్పదు. ఎత్తితే చెప్పకుండా ముట్టుకున్నావంటాడు. కాదంటే పోట్లాట. ఔనంటే అబద్ధం. మాట్లాడకుండా ఊరుకుంటే అంతదూరం ఎక్కి ఎందుకెళ్ళినట్టు?"

"అయితే?"

"ఎటు చూసినా ఓడిపోతున్నాను."

"ఇంకా మొదటి మెట్టు కూడా ఎక్కలేదు కదండీ!"

"ఎక్కినా అంతే," అని చెప్పులు విప్పాడు.

సరే, అటునుంచి నరుక్కొద్దామని నేనే మేడెక్కాను. బావగారు తనతో తానే ఆడుకుంటున్నారు. ఇటు కూర్చుని ఒక ఎత్తు వేసి, లేచి అటు వెళ్ళి కూర్చుని దానికి జవాబు వెతుకుతారు. నేను గుమ్మంలో నిలబడితే, "ఒక్క నిమిషం తల్లీ," అన్నారు. ఆ నిమిషంలో మా అన్నం మాడింది.

"బదిలీ వద్దని రాసివ్వండి బావగారూ. అక్క లేకపోతే దుకాణం లేదు. నాకు చేతులు విరిగినట్టే," అన్నాను ఉన్నదున్నట్టు.

"నాకు మాత్రం వెళ్ళాలని ఉందా? మెట్లమీద ఎదురుపడితే మొహం తిప్పుకునేవాడితో ఎన్నాళ్ళని ఉండను? మీ ఆయన్ని వచ్చి ఒక్క మాట అనమను. ముట్టుకున్నానని."

"మరి సర్దడానికే ముట్టుకున్నానంటున్నారుగా."

"ముట్టుకున్నాడు. సర్దాడో ఆడాడో తర్వాతి సంగతి," అని ఆయన మళ్ళీ అటువైపు కుర్చీలోకి మారారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అన్న మాట ఈ అన్నదమ్ములని చూసే పుట్టి ఉంటుంది.

దారి చూపించింది గడియారం మామయ్య. క్లబ్బు నడిపే పెద్దాయన. ఆటలో గడియారాలు పెట్టేదీ, తగవులు తీర్చేదీ ఆయనే గనక ఆ పేరు. ఆ రోజు మంచినీళ్ళకి వెళ్ళిన మహానుభావుడూ ఆయనే. ప్యాంటు పొట్టి చేయించుకోవడానికి దుకాణానికొచ్చాడు. నేను కాళ్ళ దగ్గర కూర్చుని గుండుసూదులు పెడుతూ నా గోడంతా వెళ్ళబోసుకున్నాను.

"పిచ్చిదానా, వీళ్ళు మామూలుగా మాట్లాడరమ్మా," అన్నాడాయన. "ఆట అయిపోయాక మాట్లాడతారు. ఎంత పగవాళ్ళయినా సరే. అయిన ఆటని మొదట్నుంచీ పేర్చుకుని, ఇక్కడ ఇదెందుకు ఆడావు, అదెందుకు ఆడలేదు అని చెప్పుకోకపోతే వీళ్ళకి అన్నం అరగదు. మేం పోస్టుమార్టం అంటాం. మీవాళ్ళ జబ్బేమిటో తెలుసా? ఆ రోజు పోస్టుమార్టం చేసుకోలేదు. మీ ఆయన లేచెళ్ళిపోయాడు. శవం అలాగే ఉండిపోయింది."

"అయితే ఇద్దరికీ ఆట పెట్టించండి మామయ్యా. వేసవి పోటీలు మీవేగా."

"నేను పెడితే పడదు. గెలిచినవాడికి గెలిచినవాడే తగులుతాడు. ఇద్దరూ గెలుచుకుంటూ వస్తే ఏదో ఒక ఆదివారం ఎదురుపడక తప్పదు. గెలిపించు మీ ఆయన్ని. ఆ రెండో కాలు ఇంకొంచెం పైకి."

ఆ విధంగా, చదరంగం బల్లని పొయ్యిలో పెడతానని పెళ్ళైన కొత్తనుంచీ బెదిరిస్తున్నదాన్ని, మా ఆయన గెలవాలని దణ్ణాలు పెట్టుకోవాల్సొచ్చింది.

మొదటి ఆదివారం గెలిచొచ్చాడు. ఆ రోజు వేసుకున్న చొక్కాకి పైనుంచి రెండో గుండీ ఊడొచ్చి దారం మీద వేలాడుతోంది. ఎంత తలవంపులు నాకు! ఊరందరికీ గుండీలు కుట్టేదాని మొగుడు. చొక్కా లాక్కుని గుండీ బిగించి ఉతికి ఆరేశాను. రెండో ఆదివారం ఆయన ఆ చొక్కా వేసుకుని అద్దం ముందు నిలబడి మొహం వేలాడేశాడు.

"ఎందుకు కుట్టావు? ఇది వేలాడుతూ ఉంటేనే గెలిచాను."

"గుండీ ఆడిందా ఆట, మీరు ఆడారా?"

"ఎవరాడితే ఏం, గెలిచింది కదా."

నేను కత్తెర తీసుకుని, నా చేత్తో కుట్టిన గుండీని నా చేత్తోనే సగం ఊడదీసి వేలాడేశాను. గెలిచొచ్చాడు. అప్పట్నుంచి ఆ చొక్కా ఉతకడానికి కూడా వీల్లేదన్నాడు. మండువేసవి. ఆదివారం సాయంత్రం ఆయన ఇంటికొస్తుంటే వీధి మలుపులో ఉండగానే నాకు తెలిసిపోయేది. మేడ మీద అక్క పాట్లు అక్కవి. బావగారు మొదటి ఆదివారం బంగాళాదుంప కూర తిని వెళ్ళి గెలిచారు. ఇక ఆదివారం వస్తే అదే కూర, అదే గిన్నె, ఉప్పు కాస్త తక్కువై ఉండాలి, ఎందుకంటే ఆ రోజు అక్క పొరపాటున తక్కువ వేసింది. పొరపాటుని ప్రతి వారం కొలిచి వెయ్యడం ఎలాగో అక్క నన్నడిగింది.

పగలంతా కుట్లు, మధ్యలో ఈ సంత. ఎన్నిసార్లో, "ఇంకొక్క ఆట గెలిస్తే ఎదురుపడతారక్కా, అంతా సర్దుకుంటుంది," అనేదాన్ని. అక్క కాలర్ల లోపలి గట్టిగుడ్డ కత్తిరిస్తూ, "ఊఁ," అనేది. ఆ "ఊఁ"లో ఏముందో ఆగి చూసే తీరిక నాకు లేకపోయింది.

చివరి ఆదివారం చివరి ఆట వాళ్ళిద్దరికే పడింది. అక్క ఇంట్లో కత్తిరింపు దగ్గర ఉండిపోయింది. నేను క్యారియర్‌లో భోజనం పట్టుకుని క్లబ్బుకెళ్ళాను. గ్రంథాలయం మేడ మీది పొడుగాటి హాలు. అన్ని బల్లల దగ్గరా ఆటలు అయిపోతున్నాయి. ఓడిన పళ్ళ డాక్టరు ఎదుటివాడి నోటి వంకే గుచ్చిగుచ్చి చూస్తున్నాడు. ఒక బస్సు కండక్టరు కుర్చీకి కాళ్ళు పెనవేసి కూర్చుని ఇక లేవలేక తంటాలు పడుతున్నాడు. ఇంకొకాయన గెలిచి కూడా గోడ వైపు తిరిగి తలకొట్టుకుంటున్నాడు. ఇంకా బాగా గెలవొచ్చునట. వీళ్ళందరి ఇళ్ళలోనూ నాలాంటిది ఒకతె ఉంటుందని తలచుకుంటే గుండె తరుక్కుపోయింది.

మావాళ్ళ ఆట మధ్యాహ్నం దాటినా తెమల్లేదు. ఇద్దరూ తలలు వంచుకుని ఒకే తీరున, ఎడమ చేత్తో చెవి తమ్మె లాగుకుంటూ కూర్చున్నారు. ఒకరి పావులొకరు తినేసుకుంటూ పోయి, చివరికి బల్ల మీద రెండు రాజులు తప్ప ఏమీ మిగల్లేదు. వాటినీ కాసేపు అటూ ఇటూ నడిపించారు. గడియారం మామయ్య వచ్చి, "ఇక చాల్లే, ఇద్దరూ సమానం," అన్నాడు. ఆట అయితే చెయ్యి కలపడం రూలు గనక కలిపారు. వేళ్ళ చివర్లు మాత్రమే.

మా ఆయన కుర్చీ వెనక్కి జరిపాడు. లేస్తాడు, మళ్ళీ లేచెళ్ళిపోతాడు అనుకున్నాను. బావగారు పక్కన పడున్న గుర్రాన్ని తీసి బల్ల మీద ఒక గడిలో పెట్టారు.

"ఇక్కడికి ఇదెందుకు రాలేదు?" అన్నారు, గుర్రంతోనే అన్నట్టు.

మా ఆయన చూశాడు. చాలాసేపు చూశాడు. కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"వస్తే నువ్వు బంటు తోస్తావుగా అన్నయ్యా."

అంతే. ఇక ఆనకట్ట తెగింది. "నేను తొయ్యను." "తొయ్యక?" "ఒంటెని లాగుతాను." "లాగు చూద్దాం." "ఒరేయ్, ఇది చూడలేదురా నేను!" నవ్వులు, ఒకరి చేతిలో పావులొకరు లాక్కోవడాలు. నేను పక్కన క్యారియర్ పట్టుకుని నిలబడ్డాను. నేనక్కడున్నట్టు ఇద్దరికీ తెలీదు. పావులన్నీ మళ్ళీ పేర్చారు, విప్పారు, పేర్చారు. ఆ మధ్యలో బావగారు ఏనుగుని వేళ్ళ మధ్య తిప్పుతూ, మామూలు గొంతుతోనే అన్నారు.

"ఆ రోజు నువ్వు సర్దుతున్నానన్నావురా. నాకు వినపడింది."

మా ఆయన తలెత్తలేదు.

"తెలుసులే. ఆ ఏనుగు ఇటు పెడితే నా రాజు ఎటు పోవాలి?"

"పక్కకి."

"తర్వాత?"

"తర్వాతేముంది, మళ్ళీ సమానమే."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆరేళ్ళు! ఆరేళ్ళు మెట్లెక్కి దిగాం ఇద్దరాడవాళ్ళం. మోకాళ్ళు అరిగాయి. వినపడిందట, తెలుసట. ఆ బల్ల ఎత్తి ఇద్దరి నెత్తిన కొట్టాలన్నంత కోపం వచ్చింది. కొట్టలేదు. ఎందుకంటే లోపల ఎక్కడో హమ్మయ్య అనిపించింది కూడా. క్యారియర్ విప్పి పెడితే ఒక గిన్నెలో చేతులు పెట్టి తిన్నారు, ఏం తింటున్నారో చూసుకోకుండా.

ఇంటికొచ్చి అక్కతో చెప్పాను. కత్తెర ఒక్క క్షణం ఆగింది.

"వినపడిందటా ఆయనకి?"

"ఆయన నోటితో ఆయనే అన్నారక్కా."

"ఊఁ," అంది. మళ్ళీ కత్తెర నడిచింది.

"ఇక వెళ్ళక్కర్లేదు. కారణమే పోయిందిగా," అన్నాను. అక్క జవాబు చెప్పేలోపే గేటు దగ్గర అన్నదమ్ముల గొంతులు వినిపించి నేను బయటికి పరుగెత్తాను. దారి పొడుగూ మాట్లాడుకుంటూనే వచ్చారు. "మరి బదిలీ సంగతి?" అని అడిగాను. ఇద్దరూ నా వైపు వింతగా చూశారు.

"అదా? ఆ మాటే రాలేదు," అన్నాడు మా ఆయన.

మర్నాడు పొద్దున్న బావగారు మెట్లు దిగుతుంటే అడ్డంగా నిలబడ్డాను. నెలాఖరులోపు వద్దని రాసిస్తే బదిలీ రద్దవుతుందని ఆఫీసులో చెప్పారని అక్క ద్వారా నాకు తెలుసు.

"రాసివ్వండి బావగారూ. ఇవాళే."

"ఎలా ఇస్తానమ్మా? అడిగింది నేను. వాళ్ళు ఇచ్చారు. ఇప్పుడు వెనక్కి తీసుకుంటే?"

"తీసుకుంటే ఏమవుతుంది?"

ఆయన నా వంక జాలిగా చూశారు. "ముట్టుకున్నాక ఆడాలి తల్లీ."

"బదిలీ కాగితం గుర్రమా బావగారూ!"

వినపడలేదని అబద్ధం చెప్పి తమ్ముడిచేత గుర్రాన్ని ఆడించినవారాయన. అదీ అనేశాను. ఆయన తల దించుకున్నారు. "అందుకేనమ్మా. ఒకసారి రూలు తప్పాను. మళ్ళీ తప్పమంటావా?"

సాయం కోసం మా ఆయన వైపు తిరిగాను. పళ్ళు తోముకుంటున్నాడు. చాలాసేపు ఆలోచించి, నోట్లో నురుగు ఉమ్మి, "అన్నయ్య చెప్పింది న్యాయమే. ముట్టుకున్నాక..." అన్నాడు. మొన్నటిదాకా ఉప్పూ నిప్పూగా ఉన్నవాళ్ళు కలవక కలవక ఇందులో కలిశారు. దీనికోసమా నేను కంపు కొట్టే చొక్కా పక్కన అన్నం తిన్నాను! గదిలోకెళ్ళి తలుపు వేసుకుని బాగా ఏడ్చాను. బయటికొచ్చేసరికి మా ఆయన గుమ్మం దగ్గరే ఉన్నాడు. "నువ్వు అబద్ధం అన్న మాట వాడకుండా ఉండాల్సింది," అన్నాడు. ఆ రోజంతా ఆయనకి టీ పెట్టలేదు.

సామాన్లు కట్టడం మొదలైంది. బావగారు గిన్నెలు సైతం కొలతలు చూసి పెట్టెల్లో సర్దారు. మా ఆయన రోజూ పైకెళ్ళి తాళ్ళు బిగించొచ్చేవాడు. ఇద్దరూ కబుర్లే కబుర్లు. ఇన్నాళ్ళూ ఇంట్లో మాటల్లేవని ఏడ్చినదాన్ని, ఇప్పుడు ఆ మాటలు వింటుంటే చెవులు మూసుకోవాలనిపించేది.

లారీ వచ్చిన రోజుకి మా పని ఇంకా మిగిలే ఉంది. సాయంత్రానికల్లా బళ్ళో బట్టలు అప్పజెప్పాలి. కాలర్లు లేని చొక్కాలు బల్ల మీద గుట్టగా ఉన్నాయి. అవి నేనెలా ఎక్కించగలనన్నదే నా దిగులు. పైనుంచి బీరువా దిగింది, మంచాలు దిగాయి, చదరంగం బల్ల మెత్తటి దుప్పట్లో చుట్టుకుని అన్నిటికంటే భద్రంగా దిగింది. అక్క పొద్దున్నే స్నానం చేసి, మంచి చీర కట్టుకుని, దుకాణంలోకి వచ్చి మిషను ముందు కూర్చుంది. ఒక చొక్కా తీసుకుని కాలర్ పెట్టి తొక్కడం మొదలుపెట్టింది. చివరిసారి కాస్త సాయం చేసి వెళ్తుందనుకున్నాను.

కూలీలు మిషను కోసం వచ్చారు. అక్క లేవలేదు.

"ఇది రాదు," అంది వాళ్ళతో.

బావగారు లోపలికొచ్చారు. "అన్నీ ఎక్కేశాయి. ఇక బయల్దేరదాం."

"మీరు వెళ్ళండి. నాకు కాలర్లున్నాయి."

"అవి అయ్యాక బస్సుకి వస్తావా?"

"రాను."

"రేపు?"

"రేపూ రాను. మీరు అడిగారు, మీకు ఇచ్చారు, మీరు వెళ్ళాలి. నేనేమీ అడగలేదు."

గొంతు పెంచలేదు, తలెత్తలేదు. దారం చివర పంటితో కొరికి ఇంకో చొక్కా అందుకుంది. బావగారు నిలబడిపోయారు. ఆయన మొహం చూస్తే, ఎన్ని ఎత్తులు ముందుకి లెక్కేసినా ఇందులో ఈ ఎత్తు మాత్రం ఎక్కడా లేదని తెలిసిపోతోంది. పెదవులు కదులుతున్నాయి. ఒక చెయ్యి చెవి తమ్మె మీదికి పోయింది. బయట లారీవాడు హారన్ కొట్టాడు. రెండోసారి కొట్టాడు. మా ఆయన గుమ్మంలోంచి ఏదో చెప్పబోతే నేను చూసిన చూపుకి నోరు మూసుకున్నాడు.

"అయితే మరి... శనివారం నేనే రానా?" అన్నారు బావగారు చివరికి.

"ఇల్లు మీదేగా. రండి."

ఆయన లారీలో డ్రైవరు పక్కన ఎక్కి కూర్చున్నారు. మలుపు తిరిగేదాకా వెనక్కి చూస్తూనే ఉన్నారు. మా ఆయన లారీ వెనకాల కొంత దూరం నడిచి, ఆగి, చేసేదేమీ లేక కళ్ళజోళ్ళ దుకాణానికి పోయాడు.

మధ్యాహ్నందాకా ఇద్దరం పనిలోంచి తలెత్తలేదు. ఆవిడ కాలర్ ఎక్కించి ఇస్తే నేను గుండీలు కుట్టాను. గుట్ట తరిగింది. అప్పుడు ఉన్నట్టుండి అక్క మిషను ఆపి, "అమ్మో, మంచం కూడా వెళ్ళిపోయిందే," అంది. ఇద్దరం పగలబడి నవ్వాం. నవ్వుతూ నవ్వుతూ ఆవిడ పమిట చెంగు కళ్ళకి అద్దుకుంది, అది నవ్వుకి కాదని తెలిసి నేను ఆగిపోయాను.

"ఇంతకాలం కాపురం చేశాను," అంది. "ఇల్లు చూశారు, లారీ మాట్లాడారు, నా చీరలు కూడా పెట్టెలో సర్దారు. వస్తావా అని ఒక్క మాట అడగలేదే. అడిగితే వెళ్ళేదాన్నేమో కూడాను."

నేను మా ఆయన్ని బతిమాలాను. బావగారి కాళ్ళావేళ్ళా పడ్డాను. గడియారం మామయ్య కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాను. చొక్కా గుండీని కూడా బతిమాలాను. పొద్దస్తమానం ఈ మనిషి పక్కనే కూర్చుని, "నేను చూసుకుంటాను," అన్నాను.

"అక్కా," అన్నాను. "ఉంటావా నాతో?"

అక్క నా వంక చూసింది. కళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి గాని మూతి మాత్రం విరిచింది.

"ఈ ఒక్క మాట అడగడానికి నీకు వేసవంతా పట్టిందా? కొత్తగా పెళ్ళిచూపులేమిటే మనకి? నువ్వూ ఆ జట్టేనే తల్లీ. నీకూ ఒక బల్ల కొనిపెట్టమని మీ ఆయనకి చెప్తాను," అంది. నేను ఏడుస్తూనే నవ్వుతున్నాను. ఆవిడ నా ఒళ్ళోని చొక్కా లాక్కుని చూసి, గుండీ సరిగ్గా పడలేదని తిట్టి, ఊడదీసి మళ్ళీ కుట్టమని నా చేతికిచ్చింది.